సీజన్ ఇంకా ముగియలేదు: మా ఫుట్‌బాల్ క్లబ్ యాజమాన్యానికి, కోచ్ గారికి, ఆటగాళ్లకు ఒక అభిమాని బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్లబ్ ఛైర్మన్ గారికి, డైరెక్టర్ల బోర్డు సభ్యులకు, ప్రధాన కోచ్ గారికి, కెప్టెన్‌కు, జట్టు సభ్యులకు,

నమస్కారాలు.

సీజన్ టికెట్ కొనుక్కుని సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లన్నిటికీ, వీలున్నప్పుడు బయటి మైదానాలకూ వచ్చే అభిమానుల్లో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను. అభిమానుల సంఘం తరఫున క్లబ్ కార్యాలయానికి పంపిన వినతులకు బదులుగా ఇంతవరకు మాకు అందినవి, 'మీ సందేశం చేరింది' అనే యాంత్రికమైన జవాబు, వచ్చే ఏడాది సీజన్ టికెట్‌ను గడువులోగా పునరుద్ధరించుకోవాలనే నోటీసు మాత్రమే. నాలుగు గోడల మధ్య కూర్చుని మాట్లాడుకోవలసిన విషయాలను బహిరంగంగా రాయవలసి రావడానికి కారణం ఇదే.

ఓటమి మాకు కొత్త కాదు. ట్రోఫీలు మాత్రమే కావాలనుకునేవాళ్లు మన క్లబ్‌ను ఎంచుకోరు. సీజన్ మొదట్లో మనకంటే ఎన్నో రెట్లు ఖర్చుపెట్టిన జట్ల చేతిలో ఓడిన రోజుల్లో కూడా మేము లేచి నిలబడి చప్పట్లు కొట్టాం, ఎందుకంటే చివరి విజిల్ మోగేదాకా పరుగెత్తిన పదకొండుమందిని ఆ రోజుల్లో చూశాం. శీతాకాల విరామం నాటికి పాయింట్ల పట్టిక మధ్యలో నిలకడగా ఉన్న జట్టు, అక్కడి నుంచి మ్యాచ్ వెంట మ్యాచ్ చేజార్చుకుంటూ, ఇప్పుడు రెలిగేషన్ (కింది డివిజన్‌కు దిగజారడం) గీతకు రెండు స్థానాల పైన బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఇంకా ఆరు మ్యాచ్‌లు ఉన్నాయి. అంటే 18 పాయింట్లు మన చేతికి అందే దూరంలోనే ఉన్నాయి.

ఈ స్థితిలో, ఇటీవలి ఒక మ్యాచ్ అనంతరం విలేకరులతో మాట్లాడుతూ ప్రధాన కోచ్ గారు, తమ దృష్టి ఇప్పటికే వచ్చే సీజన్ మీదికి మళ్లిందని, మిగిలిన మ్యాచ్‌లు కుర్రాళ్లను పరీక్షించుకోవడానికి పనికొస్తాయని చెప్పారు. (ఆ మాట చెప్పిన తర్వాతి మ్యాచ్‌లో ఒక్క కుర్రాడికీ అవకాశం రాలేదన్నది వేరే సంగతి.) క్లబ్ యాజమాన్యం ఆ మాటను ఖండించలేదు, సవరించలేదు. సీజన్ జరుగుతుండగానే దాన్ని ముగిసిపోయినట్టు లెక్కగట్టే అధికారం కోచ్ గారికి గాని, బోర్డుకు గాని లేదన్నదే నా అభ్యంతరం. అందుకు కారణాలను, దాని వల్ల నష్టపోయేవారి సంగతిని కింద వరుసగా పెడుతున్నాను.

1. ముందుగా మైదానంలో మాకు కనబడుతున్నది. గంటసేపు మన జట్టు ఎదుటివారితో సమానంగానే ఆడుతోంది. చిక్కంతా ఆ తర్వాతే. ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లో ఆడే రక్షకులు) దాడికి వెళ్లేటప్పుడు పరుగెడుతున్నారు గాని, వెనక్కి రావడం మాత్రం నడకలో సాగుతోంది. గోల్ ముందు మధ్యలో కాపుండే సెంటర్‌బ్యాక్‌లు ఇద్దరూ జంకి గోల్ వైపు జరిగిపోతారు, మిడ్‌ఫీల్డర్లు ఉన్నచోటే ఉండిపోతారు, ఆ రెండు వరుసల నడుమ ఏర్పడిన ఖాళీలో ప్రత్యర్థి ఆటగాడు బంతిని ఆపి, తలెత్తి చూసి, తీరిగ్గా పాస్ ఇచ్చుకుంటాడు. కార్నర్ కిక్‌లలో మొదటి బంతిని మనవాళ్లు తలతో బయటికి కొడుతూనే ఉన్నారు, కాని అలా కొట్టిన బంతి పెనాల్టీ ఏరియా అంచున పడేసరికి అక్కడ మనవాడంటూ ఒక్కడూ ఉండడు. ఈ ఒక్క లోపం వల్ల ఎన్ని గోల్స్ సమర్పించుకున్నామో మీ విశ్లేషకుల దగ్గర లెక్క ఉండే ఉంటుంది. గ్యాలరీలో నా పక్క సీట్లో కూర్చునే పెద్దాయన, రిఫరీ కార్నర్ ఇవ్వగానే బంతి ఎక్కడ పడబోతోందో వేలితో చూపిస్తారు. అక్కడే పడుతుంది.

గత సొంత మైదానం మ్యాచ్‌లో 84వ నిమిషాన్ని మీరు వీడియోలో మరోసారి చూడాలని కోరుతున్నాను. ఒక గోల్ వెనకబడి ఉన్నాం. ఎడమ అంచున మనకు త్రో-ఇన్ వచ్చింది. ఫుల్‌బ్యాక్ బంతిని తల మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికి వచ్చి అందుకునేవాడు లేడు, దూరంగా పరుగుతీసి ప్రత్యర్థిని తన వెంట లాక్కుపోయేవాడూ లేడు. ఆ కుర్రవాడు బంతిని ఛాతీ దాకా దించి, మళ్లీ ఎత్తి, అటూ ఇటూ చూసి, చివరికి మన గోల్‌కీపర్ వైపే విసిరాడు. అదే నిమిషంలో బెంచ్ మీద ముగ్గురు సబ్‌స్టిట్యూట్‌లు జాకెట్ జిప్పును మెడదాకా లాక్కుని కూర్చున్నారు. ఒక్కో జట్టు ఐదుగురిని మార్చుకునే వెసులుబాటు 2020లో తాత్కాలికంగా వచ్చి, 2022లో శాశ్వత నిబంధన అయింది. అలసిపోయిన కాళ్ల కోసమే వచ్చిన నిబంధన అది. ఆ రోజు మనం ఇద్దరితోనే సరిపెట్టాం.

కోచ్ గారికి కోచింగ్ నేర్పే సాహసం నేను చేయను. ఆటగాళ్ల శరీరస్థితి గురించి లోపలివారికి తెలిసినదంతా గ్యాలరీకి తెలియదు. గాయాలే కారణమైతే గాయాలని చెప్పండి. వేసవి శిక్షణలో లోటు జరిగిందంటే ఆ మాటే చెప్పండి. వారం విడిచి వారం 'కుర్రాళ్లు వంద శాతం శ్రమించారు' అనే వాక్యాన్ని మాత్రం మా మీద ప్రయోగించవద్దని మనవి. మేము కూడా ఆ తొంభై నిమిషాలూ అక్కడే కూర్చుంటున్నాం.

2. ఒప్పందాల విషయం. ఒప్పందం పూర్తయిన ఆటగాడు బదిలీ రుసుముతో నిమిత్తం లేకుండా మరో క్లబ్‌కు వెళ్లవచ్చని 1995 డిసెంబర్ 15న బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆటగాడు క్లబ్‌కు కట్టుబానిస కాడని తేల్చిన తీర్పు కనుక దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే దాని పర్యవసానాన్ని ప్రతి క్లబ్ యాజమాన్యం ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి. ఒప్పందం చివరి ఆరు నెలల్లోకి వచ్చిన ఆటగాడు విదేశీ క్లబ్‌తో ముందస్తుగా మాట్లాడుకోవచ్చు. అంటే సరిగ్గా రెలిగేషన్ పోరు ముదిరే నెలల్లోనే అతడికి వచ్చే ఏడాది గురించిన ఆలోచన మొదలవుతుంది. మన మొదటి పదకొండుమందిలో అటువంటివారు ఒకరిద్దరు కాదు. రేపు ఎక్కడుంటాడో తెలియని మనిషి ప్రమాదకరమైన టాకిల్‌కు కాలు అడ్డం పెట్టడానికి ఒక్క క్షణం వెనకాడితే అతణ్ని నిందించలేం. అతడి విషయాన్ని శీతాకాలానికి ముందే అటో ఇటో తేల్చకుండా నాన్చిన బోర్డునే అడగాలి.

3. మిగిలిన మ్యాచ్‌లు నామమాత్రమేననే భావన గురించి కొంత వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే మీ నిర్ణయాలన్నిటికీ మూలం అదేనని నాకు అనిపిస్తోంది. మనం ఎలాగూ గట్టెక్కుతామని లోపల కొందరు, ఎలాగూ మునుగుతామని మరికొందరు అనుకుంటున్నట్టు వార్తలు వస్తున్నాయి. ఈ రెండు రకాల ధీమాలనూ ఫుట్‌బాల్ చరిత్ర ఎన్నోసార్లు తలకిందులు చేసింది.

2004-05 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ చివరి రోజును తీసుకోండి. వెస్ట్ బ్రామ్‌విచ్ అల్బియన్ ఆ ఉదయానికి పట్టికలో అట్టడుగున ఉంది. నార్విచ్ సిటీ మాత్రం గీతకు పైన, తన గెలుపు తాను చూసుకుంటే చాలుననే స్థితిలో ఉంది. సాయంత్రానికి నార్విచ్ 6-0 తేడాతో ఫుల్‌హామ్ చేతిలో చిత్తుగా ఓడి కింది డివిజన్‌కు జారిపోయింది. వెస్ట్ బ్రామ్‌విచ్ 2-0తో పోర్ట్స్‌మత్‌ను ఓడించి, కేవలం 34 పాయింట్లతో నిలబడింది. క్రిస్మస్ నాటికి అడుగున ఉన్న జట్టు ప్రీమియర్ లీగ్‌లో బతికి బయటపడటం అదే మొదటిసారి. ఇవాళ మనం ఉన్నది నార్విచ్ కూర్చున్న చోటే అన్న సంగతి బోర్డు గమనించాలి.

లెస్టర్ సిటీ సంగతి అందరికీ తెలిసిందే అయినా, దాన్ని అద్భుతం అనేసి పక్కన పెట్టేస్తారు కనుక మళ్లీ చెబుతున్నాను. 2014-15లో 29 మ్యాచ్‌లు ముగిసేసరికి ఆ జట్టు దగ్గర ఉన్నవి 19 పాయింట్లు. చివరి తొమ్మిదింటిలో ఏడు గెలిచి, 41 పాయింట్లతో 14వ స్థానంలో ముగించింది. ఆ మరుసటి ఏడాది అదే క్లబ్ లీగ్ ఛాంపియన్ అయింది. మధ్యలో కోచ్ మారాడు, కొత్త ఆటగాళ్లు వచ్చారు, అదృష్టమూ కలిసివచ్చింది. కాని ఛాంపియన్‌గా నిలిచిన జట్టుకు వెన్నెముక లాంటి ఆటగాళ్లు చాలామంది ఆ తొమ్మిది మ్యాచ్‌ల్లో ఉన్నవారే. ఆ వసంతంలో చేతులెత్తేసి ఉంటే మరుసటి ఏడాది వాళ్లు ఆడేది రెండో డివిజన్‌లో.

పూర్తిగా మునిగిపోయిన జట్టు విషయంలోనూ ఆటకు విలువ పోదు. 2024-25లో సౌతాంప్టన్ ఏడు మ్యాచ్‌లు మిగిలుండగానే కింది డివిజన్‌కు ఖరారైపోయింది. ఆ లీగ్‌లో అంత ముందుగా దిగజారిన జట్టు అంతకుముందు లేదు. అయినా 2025 మే 10న మాంచెస్టర్ సిటీని 0-0తో నిలువరించి, ఒక్క పాయింట్ సంపాదించింది. ఆ పాయింట్ వల్లే, 2007-08లో డెర్బీ కౌంటీ మూటగట్టుకున్న, ఆ లీగ్‌లోనే అత్యల్పమైన 11 పాయింట్ల అప్రతిష్ఠ నుంచి తప్పించుకుని 12కు చేరింది. దాని వల్ల వాళ్లకు డివిజన్ దక్కలేదు, డబ్బు దక్కలేదు. గ్యాలరీలో మాత్రం ఆ రోజు గెలిచినంత సంబరం జరిగింది. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని జట్టే అంత పట్టుదలగా ఆడగలిగినప్పుడు, పోగొట్టుకోవడానికి సర్వం ఉన్న మనం అరవయ్యో నిమిషానికే నడకకు దిగడం ఏమి న్యాయం?

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ముగిస్తాను. 1996 డిసెంబర్‌లో మిడిల్స్‌బ్రో క్లబ్, ఆటగాళ్లకు అనారోగ్యం, గాయాలు అంటూ బ్లాక్‌బర్న్‌తో ఆడవలసిన మ్యాచ్‌కు జట్టును పంపలేదు. లీగ్ మూడు పాయింట్లు కోసేసింది. సీజన్ చివర ఆ జట్టు రెండు పాయింట్ల తేడాతో దిగజారింది. ఆ ఏడాదే రెండు కప్ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లిన జట్టు అది. లెక్కలో లేదనుకున్న ఒక్క మ్యాచ్ ఖరీదు ఒక డివిజన్!

4. మిగతా జట్ల పట్ల మనకున్న బాధ్యత. మన మిగిలిన ఆరు మ్యాచ్‌ల్లో రెండు, మనతోపాటే కింది వరుసలో పోరాడుతున్న జట్ల మీద. మరొకటి టైటిల్ కోసం పోటీపడుతున్న జట్టు మీద. మనం ఒకరి మీద ప్రాణం పెట్టి ఆడి, మరొకరి మీద కాళ్లీడ్చుకుంటూ ఆడితే ఆ తేడాను మోయవలసి వచ్చేది మూడో జట్టు అభిమానులు. 1982 ప్రపంచకప్‌లో స్పెయిన్‌లోని హీహోన్ నగరంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు 1-0 ఫలితం ఇద్దరికీ సరిపోతుందని తెలిసి, మిగిలిన సమయమంతా బంతిని అటూ ఇటూ దొర్లించి, అంతకుముందు రోజే తన ఆట ముగించుకున్న అల్జీరియాను ఇంటికి పంపాయి. గ్రూప్ చివరి మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి మొదలుపెట్టే పద్ధతి ఆ తర్వాతే వచ్చింది. బలహీనమైన జట్టును దించడాన్ని కూడా లీగ్‌లు తేలికగా తీసుకోవు. 2010 నవంబర్‌లో ఆస్టన్ విల్లా మీద పదిమందిని మార్చి ఆడినందుకు బ్లాక్‌పూల్‌కు 25,000 పౌండ్ల జరిమానా పడింది. ఆ క్లబ్ మేనేజర్ తన జట్టులో రెండో శ్రేణి అంటూ ఎవరూ లేరని గట్టిగా వాదించారు, 3-2 ఫలితం చూస్తే ఆయన వాదనలోనూ పస ఉందనిపిస్తుంది. అయితే ఆ సీజన్ చివర బ్లాక్‌పూల్ ఒక్క పాయింట్ తేడాతో దిగజారిపోయింది.

5. ఇక సామాన్యుల విషయానికి వస్తాను. ఈ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. ఆటగాళ్ల ఒప్పందాల్లో రెలిగేషన్ జరిగితే జీతం ఇంత తగ్గుతుంది, ఇంత ధరకు వెళ్లిపోవచ్చు అనే షరతులు ముందే రాసి ఉంటాయి. కోచ్‌ను తొలగిస్తే పరిహారం ఉంటుంది. టికెట్ కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగికి, తెల్లవారకముందే వచ్చి పచ్చికకు నీళ్లు పెట్టే మైదానం సిబ్బందికి, జెర్సీలు ఉతికి పేర్లు చూసి మడతపెట్టే మనిషికి, అకాడమీలో పన్నెండేళ్ల పిల్లలకు బంతి ఆపడం నేర్పే పార్ట్‌టైమ్ కోచ్‌కు అటువంటి షరతులు ఎవరూ రాసివ్వరు. టీవీ ప్రసార హక్కుల వాటా తగ్గిన రోజున ముందుగా కోత పడేది వీళ్ల మీదే. ఇంగ్లాండ్‌లో దిగజారిన క్లబ్‌లకు కొన్నేళ్లపాటు లీగ్ నుంచి ప్రత్యేక చెల్లింపులు అందే ఏర్పాటు ఉంది. అలాంటి ఏర్పాటు ఉన్నచోట కూడా సండర్లాండ్ 2017లో ఒక మెట్టు, ఏడాది తిరిగేసరికి 2018లో మరో మెట్టు దిగి, మూడో డివిజన్‌లో పడింది. మళ్లీ మొదటి డివిజన్‌లో అడుగుపెట్టడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో పుట్టి బడికి వెళ్లే వయసుకొచ్చిన పిల్లలకు తమ ఊరి జట్టు పెద్ద లీగ్‌లో ఆడేదని పెద్దవాళ్లు చెబితేనే తెలియాలి.

అకాడమీ కుర్రాళ్ల గురించి కూడా ఒక మాట. వాళ్లకు అవకాశం ఇవ్వడాన్ని మాకన్నా ఎక్కువగా కోరుకునేవాళ్లు లేరు. కాని రెండు గోల్స్ వెనకబడి, పెద్దవాళ్లంతా తలలు వాల్చుకున్న వేళ 88వ నిమిషంలో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని మైదానంలోకి తోయడం అవకాశం కిందికి రాదు. అతడికి దక్కేది రెండుసార్లు బంతిని ముట్టుకోవడం, మర్నాటి పత్రికలో ఓటమి కథనం కింద తన పేరు చూసుకోవడం. అనుభవజ్ఞుల మధ్య, మ్యాచ్ మొదటి నిమిషం నుంచి, కనీసం రెండు మూడు మ్యాచ్‌లపాటు వరుసగా ఆడిస్తే దాన్ని పరీక్ష అనవచ్చు.

6. సీజన్ టికెట్ పునరుద్ధరణ. వచ్చే ఏడాది మనం ఏ డివిజన్‌లో ఆడతామో తేలకముందే, ఈ ఏడాది చివరి మ్యాచ్‌కు మూడు వారాల ముందే గడువు ముగుస్తుందని నోటీసు ఇచ్చారు. గడువు దాటితే పాత సీటు మీద హక్కు పోతుందని అందులో రాశారు. తండ్రి కూర్చున్న సీట్లో కొడుకు కూర్చుంటున్న కుటుంబాలు మన గ్యాలరీలో ఎన్నో ఉన్నాయి. ఆ మమకారాన్ని తాకట్టు పెట్టించుకుని వసూలు చేసే పద్ధతి ఇది. ఏ డివిజన్ ఆటకో చెప్పకుండా ధర అడగడం వ్యాపారంగా చూసినా సరైంది కాదు.

ఇంతవరకు రాసినదంతా ఫిర్యాదు. ఫిర్యాదుతో ఆగిపోతే మళ్లీ యాంత్రికమైన జవాబే వస్తుంది కనుక, మేము కోరుతున్నది ఏమిటో నిర్దిష్టంగా చెబుతాను. జట్టును ఇలా నిలబెట్టండి, ఫలానావాణ్ని ఆడించండి అని మేము అడగడం లేదు.

ఒకటి. వచ్చే సొంత మైదానం మ్యాచ్‌కు ముందే ఛైర్మన్ గారు, ప్రధాన కోచ్ గారు అభిమానులతో బహిరంగ సమావేశం ఏర్పాటు చేయాలి. ప్రశ్నలను ముందే తెప్పించుకుని, నచ్చినవాటిని ఏరుకునే పద్ధతి వద్దు.

రెండు. మిగిలిన ఆరు మ్యాచ్‌లనూ అందుబాటులో ఉన్న అత్యుత్తమ జట్టుతోనే ఆడతామని క్లబ్ లిఖితపూర్వకంగా ప్రకటించాలి. కుర్రాళ్లను ఆడించాలనేదే విధానమైతే దాన్నీ ప్రకటించి, మొదటి నిమిషం నుంచి ఆడించాలి.

మూడు. సీజన్ టికెట్ గడువును చివరి మ్యాచ్ తర్వాతికి మార్చాలి. రెండు డివిజన్లకు రెండు ధరలను ఇప్పుడే వెల్లడించాలి. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, కొత్త స్టాండ్‌లో టికెట్ ధరను 77 పౌండ్లకు పెంచే ప్రతిపాదనకు నిరసనగా వేలమంది లివర్‌పూల్ అభిమానులు 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2-0 ఆధిక్యంలో ఉన్న జట్టు ఆ మ్యాచ్‌ను 2-2తో డ్రా చేసుకుంది. నాలుగు రోజులకే యజమానులు ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. మన దగ్గర అంతదాకా రాకూడదనే కోరుకుంటున్నాను.

నాలుగు. రెలిగేషన్ జరిగినా తక్కువ జీతాలవారి ఉద్యోగాలను కనీసం ఒక సీజన్‌పాటు తొలగించబోమని బోర్డు హామీ ఇవ్వాలి. మన జట్టులో అత్యధిక పారితోషికం అందుకునే ఒక్క ఆటగాడి ఒప్పందంతో పోలిస్తే ఈ హామీకి అయ్యే ఖర్చు ఎంత ఉంటుందో బోర్డుకు నేను చెప్పనక్కర్లేదు.

ఐదు. ఇది చిన్న కోరిక, రూపాయి ఖర్చులేనిది. బయటి మైదానాల్లో మ్యాచ్ అయిపోగానే ఆటగాళ్లు మా మూలకు రావాలి. గత రెండు పరాజయాల తర్వాత కెప్టెన్ సహా అందరూ నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లే సొరంగ మార్గంలోకి వెళ్లిపోయారు. మేము తిడతామని భయపడి ఉంటే, బహుశా కొందరు తిట్టేవారే. తిట్టు తిని కూడా చేయి ఊపి వెళ్లిన ఆటగాణ్ని అభిమాని మరచిపోడు. 2009 నవంబర్‌లో విగన్ అథ్లెటిక్ 9-1 తేడాతో టాటెన్‌హామ్ చేతిలో ఓడినప్పుడు, లండన్ దాకా వచ్చిన తమ అభిమానుల టికెట్ డబ్బును ఆటగాళ్లే తిరిగి చెల్లించారు. ఆ ఏడాది విగన్ డివిజన్ నిలబెట్టుకుంది. 2019 అక్టోబర్‌లో సొంత మైదానంలో 9-0తో లెస్టర్ చేతిలో ఓడిన సౌతాంప్టన్ ఆటగాళ్లు, కోచింగ్ సిబ్బంది ఆ రోజు జీతాన్ని క్లబ్ సేవా సంస్థకు ఇచ్చారు. జనవరిలో లెస్టర్ మైదానానికే వెళ్లి 2-1తో గెలిచి, సీజన్‌ను 11వ స్థానంలో ముగించారు. మేము డబ్బు వెనక్కి అడగడం లేదు. ఆ ఆటగాళ్లు చూపించిన పట్టింపును మనవాళ్లలోనూ చూడాలనుకుంటున్నాం.

ఆరు. బోర్డు సమావేశాల్లో అభిమానుల ప్రతినిధి ఒకరికి పరిశీలకుడిగా స్థానం ఇవ్వాలి. జర్మనీలో 50+1 నిబంధన కింద, కొద్ది మినహాయింపులు పోను, క్లబ్ ఓటింగ్ హక్కుల్లో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉంటాయి. ఆ నిబంధన ఉన్నంత మాత్రాన జట్టు బాగుపడుతుందని నేను అనను. అక్కడి షాల్కే క్లబ్ 2020 నుంచి 2021 జనవరి 9 దాకా వరుసగా 30 లీగ్ మ్యాచ్‌ల్లో గెలుపన్నది ఎరుగక, 2020-21 సీజన్లో ఐదుగురు కోచ్‌ల చేతులు మారి, చివరికి దిగజారింది. సభ్యుల క్లబ్ అయినా కాపాడలేకపోయారు. అయినా తమ క్లబ్ ఎలా మునుగుతోందో తెలుసుకునే హక్కు ఆ సభ్యులకు ఉంది. మాకు అదీ లేదు.

షాల్కే ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట స్పష్టం చేస్తున్నాను. 2021 ఏప్రిల్‌లో దిగజారిన రాత్రి ఆ జట్టు బస్సు తిరిగి వచ్చేసరికి కొందరు కాపుకాసి ఆటగాళ్లను తరిమారు, గుడ్లు విసిరారు. అటువంటి చర్యను మేము ఏ పేరుతోనూ సమర్థించం. ఆటగాళ్ల ఇళ్ల దగ్గరికి వెళ్లడం, వాళ్ల కుటుంబ సభ్యులను దూషించడం మన అభిమానుల్లో ఎవరు చేసినా సంఘం వారిని బహిష్కరిస్తుంది. గత నెలలో మన గోల్‌కీపర్‌కు కొందరు పంపిన సందేశాలు సిగ్గుచేటు. అతడి పొరపాటు వల్ల ఒక గోల్ పడి ఉండవచ్చు, కాని ఈ సీజన్‌లో మనకు దక్కిన పాయింట్లలో చాలావాటికి అతడి చేతులే కారణం.

వచ్చే సొంత మైదానం మ్యాచ్ లోపు క్లబ్ నుంచి ఈ ఆరు అంశాల మీద లిఖితపూర్వక సమాధానం వస్తుందని ఎదురుచూస్తాం. రాని పక్షంలో అభిమానుల సంఘం సభ్యులం ఆ రోజు మైదానానికి వస్తాం, మొదటి గంటసేపు ఎప్పటిలాగే పాడతాం, అరుస్తాం. అరవయ్యో నిమిషం నుంచి చివరి విజిల్ దాకా మౌనంగా కూర్చుంటాం. పునరుద్ధరణ ఫారాలను నింపకుండా సంఘం దగ్గరే భద్రపరుస్తాం. సమాధానం వచ్చిన రోజున వాటిని కార్యాలయంలో అందజేస్తాం.

ఇట్లు,
సొంత గోల్‌పోస్ట్ వెనక స్టాండ్‌లో కూర్చునే ఒక అభిమాని